అడిగి వ్రాసికొన్న చరిత్ర

ఒక యూరిలో ఏటిగట్టు ఎప్పుడు తెగినదో తెలిసికొనవలెనన్న మనము ముందుగా కచేరి దస్త్రములకై పోము. రచ్చబండపై కూర్చున్న వృద్ధుని అడుగుదుము. ఆయన సంవత్సరము చెప్పడు. “మా పెద్దపిల్ల పురిటికి వచ్చిన యేడు” అని మొదలిడి, నీరు ఏ వీథిదాక వచ్చినది, ఎవరి గాదె కొట్టుకొనిపోయినది, ఆ రాత్రి ఎవరు ఎవరి యింట తలదాచుకొన్నది వరుసగా చెప్పుకొనిపోవును. దస్త్రమున తేదీయు, నష్టపు మొత్తమును ఉండును. తక్కినదంతయు ఆ వృద్ధుని మాటలోనే యుండును. చరిత్ర వ్రాయువారికి ఈ రెండును కావలసినవే. అయితే దస్త్రము బీరువాలో నిలుచును. వృద్ధుని మాట ఆయనతోనే పోవును.

ఈ నష్టమును గుర్తించి, అనుభవజ్ఞులను ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలడిగి, వారి సమాధానములను భద్రపరచు పనిని విశ్వవిద్యాలయములు ఎట్లు చేపట్టినవి? ఆ పనికి టెలివిజన్ ఎట్లు సాధనమైనది? అందు నిలిచినదేమి, పోయినదేమి? ఈ విషయములను గూర్చి కొన్ని మాటలు శ్రోతలకు మనవి చేయదలచితిమి. ఈ కథ చాలవరకు అమెరికాదేశమున జరిగినది. కాని దీనియందు మన తెలుగువారికి సంబంధించిన పాఠమును కలదు.

ఈ పనికి ఒక పద్ధతి కల్పించి, విశ్వవిద్యాలయమున దానికొక చోటు చూపినవాడు ఆలన్ నెవిన్స్. ఈయన పత్రికారచయితగా జీవితము మొదలుపెట్టి, పిదప న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యుడైనవాడు. జీవించియున్న ప్రముఖుల నోటినుండి వారి యనుభవములను క్రమముగా సేకరించు సంస్థ యొకటి కావలెనని ఈయన 1938లో ప్రచురించిన గ్రంథమున వాదించెను. ఆ వాదమునకు బలమైన కారణమే యున్నది. పూర్వపు పెద్దలు ఉత్తరములు వ్రాసెడివారు, దినచర్యలు వ్రాసెడివారు. టెలిఫోను వచ్చిన తరువాత ఆ యలవాటు సన్నగిల్లినది. గొప్ప నిర్ణయములు నాలుగు మాటలలో టెలిఫోనుపై జరిగిపోవుచున్నవి. కాగితముపై వాని జాడ మిగులుట లేదు. ఇట్లే సాగినచో రేపటి చరిత్రకారునకు ప్రభుత్వపు ఉత్తర్వులు దొరకును గాని, ఆ యుత్తర్వుల వెనుకనున్న మనుష్యులు దొరకరు.

పదేండ్లకు, అనగా 1948 మే నెలలో, నెవిన్స్ తన సంకల్పమును కార్యరూపమున పెట్టెను. ఆయన మొదట ప్రశ్నించినది జార్జి మెకానెనీ యను న్యూయార్కు పౌరనాయకుని. ఆ గదిలో ధ్వనిముద్రణ యంత్రము లేదు. ఆచార్యుడు ప్రశ్నలడుగుచుండగా, ఒక విద్యార్థి ప్రక్కన కూర్చుండి సమాధానములను చేతితో వ్రాసికొనెను. విశ్వవిద్యాలయమొకటి ఒక పౌరప్రముఖుని ముందు కూర్చుండి “మీరు చూచినది చెప్పుడు” అని క్రమబద్ధముగా అడుగుటకు ఇది నాంది యని చెప్పదగును.

కొలది కాలములోనే ధ్వనిముద్రణ యంత్రములు వచ్చినవి. కాని యిక్కడ ఒక విచిత్రము జరిగినది. టేపు ఖరీదైన వస్తువు. మాటలను కాగితముపైకి ఎక్కించిన తరువాత టేపుతో పనియేమి యని, దానిని తుడిచి మరియొకరి మాటలకు వాడుకొనుట తొలి సంవత్సరములలో ఆచారమైనది. చెప్పినవారు ఆ వ్రాతప్రతిని దిద్దుకొనుటకును అవకాశముండెడిది. అట్లు దిద్దిన ప్రతియే చరిత్రకు ఆధారముగా మిగిలినది. దానివలన మాట దక్కినది గాని గొంతు దక్కలేదు. ఒక మనిషి ఏ ప్రశ్నకు తడబడినాడు, ఎక్కడ నవ్వినాడు, ఏ పేరు చెప్పబోయి ఆగినాడు అనునవి కాగితముపై కనబడవు. చరిత్రను రక్షింప బూనినవారే దానిలో ఒక భాగమును తమ చేతులతో తుడిచివేసిరి. వారు చేసినది నిర్లక్ష్యము కాదు, పొదుపు. అయినను నష్టము నష్టమే.

ఆ 1948వ సంవత్సరము మనకును జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేటి డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము ప్రారంభమైనది. దానికి నాలుగు నెలలకు పూర్వము, ఆగస్టులో, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో 53 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి. ఫోలిక్ ఆమ్లముపై, బోదకాలు వ్యాధికి వాడు మందుపై, ఆరియోమైసిన్‌పై ఆయన నడపిన పరిశోధన లోకమునకు ఉపకరించినది. ఆయన తన్ను గూర్చి చాటుకొను స్వభావము కలవారు కారు. అట్టివారిని వెదకి, ఎదుట కెమెరా నుంచి, తీరికగా ప్రశ్నించు విశ్వవిద్యాలయ కార్యక్రమములు ఆనాటికి ఇంకను పుట్టలేదు. భీమవరమునుండి హార్వర్డు వఱకు నడచిన ఆ దారి ఎట్టిదో ఆయన నోటనే వినగలిగియుండినచో మన యువకులకు ఎంతటి సంపద లభించియుండెడిదో ఊహించుకొనవచ్చును.

ఇక టెలివిజన్ మాట. అమెరికాలో టెలివిజన్ మొదటినుండియు వ్యాపారుల చేతిలో పెరిగినది. విద్యాసంస్థలకు అందు చోటు దొరకుట సులభము కాలేదు. 1950 ఫిబ్రవరిలో అయోవా రాష్ట్ర కళాశాల సొంత టెలివిజన్ కేంద్రమును నెలకొల్పినను, అది వాణిజ్య ప్రసారములను గూడ చేయవలసివచ్చినది. ప్రసారములను నియంత్రించు ప్రభుత్వ సంఘమున సభ్యురాలైన ఫ్రీడా హెనాక్ ఈ విషయమై గట్టిగా పోరాడెను. ఆమె ఆ సంఘమున నియమితురాలైన మొదటి స్త్రీ. నేడు విద్యకు స్థలము విడువకున్నచో రేపు విడుచుటకు స్థలమే యుండదని ఆమె వాదము. చివరకు 1952 ఏప్రిల్‌లో ఆ సంఘము 242 ప్రసారమార్గములను విద్యాకార్యములకై ప్రత్యేకించెను. ఊరి లేఅవుటు వేయునప్పుడే బడికి స్థలము గుర్తించి పెట్టుట వంటి దీ పని.

ఆ యవకాశమును మొట్టమొదట వినియోగించుకొన్నది టెక్సస్ రాష్ట్రమందలి హ్యూస్టన్ విశ్వవిద్యాలయము. 1953 మే 25వ తేదీన దాని కేంద్రము ప్రసారములు మొదలిడినది. అచ్చటి మనస్తత్వశాస్త్రాచార్యుడు రిచర్డ్ ఇవాన్స్ టెలివిజన్ ద్వారమున పాఠములు చెప్పెను. ఇంటనుండియే ఆ పాఠములు చూచి పరీక్షకు కూర్చున్నవారికి, తరగతిలో చదివినట్లే అది లెక్కకు వచ్చెడిది. పగలు పనిచేసికొనువారికిని, గృహిణులకును ఇది గొప్ప వరమైనది.

ఈ ఇవాన్స్‌కు పాఠము చెప్పుచుండగా ఒక లోపము తోచినది. విద్యార్థులు సిద్ధాంతములను వల్లించుచున్నారు, సిద్ధాంతకర్తలను ఎరుగరు. వారిలో పలువురు ఇంకను సజీవులై యున్నారు గదా, పోయి వారినే అడుగరాదా యని ఆయన ఆలోచించెను. 1957 ఆగస్టులో ఫిల్ము కెమెరాతో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమునకు వెళ్ళి, కార్ల్ యూంగ్ పండితుని కలిసికొనెను. యూంగ్ వయస్సు అప్పటికి 82 సంవత్సరములు. ఇవాన్స్ నలుబదేండ్లు నిండని యాచార్యుడు. నాలుగు దినములపాటు ప్రశ్నలును, సమాధానములును సాగినవి. ఫ్రాయిడ్‌తో స్నేహము ఎట్లు కుదిరినది, ఎట్లు చెడినది, అవ్యక్త మనస్సు అనగా ఏమి అనునట్టి విషయములను వృద్ధపండితుడు పరభాషయైన ఇంగ్లీషులో ఓపికతో వివరించెను. నాలుగేండ్ల తరువాత, 1961 జూన్‌లో, యూంగ్ మరణించెను. ఆ ఫిల్ము మిగిలినది.

రెండేండ్లకు, 1959లో, బి.బి.సి. వారు తమ ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమమున యూంగ్‌ను అరగంటసేపు ప్రశ్నించిరి. అది వేలకొలది ప్రేక్షకులను ఆకర్షించిన కార్యక్రమము. రెండింటిని పోల్చి చూచినచో ఒక భేదము స్పష్టమగును. పత్రికారచయిత అడుగునది ప్రేక్షకుడు ఆ రాత్రి తెలిసికొన గోరు ప్రశ్న. ఆచార్యుడు అడుగునది విద్యార్థి ఇరువదేండ్ల తరువాతను తెలిసికొనవలసిన ప్రశ్న. రెండును కావలసినవే యైనను, రెండవదానికి తీరిక కావలెను. శ్రోతలు తగ్గుదురేమో యను భయము లేని సంస్థ కావలెను. విశ్వవిద్యాలయమునకు ఈ పనియందుగల యోగ్యత యిదియే. ఇవాన్స్ అటుపిమ్మట ఎరిక్ ఫ్రామ్, ఎరిక్ ఎరిక్సన్, స్కిన్నర్, పియాజే మున్నగువారిని గూడ ఇట్లే ప్రశ్నించెను.

ఇవాన్స్ ఫిల్ము వాడుటవలన ఒక మేలు కలిగినది. అంతకు ముందు టెలివిజన్ ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు జరిగి, గాలిలో కలిసిపోవునవే. నిలుపుకొనవలెనన్న, టెలివిజన్ తెరకు ఎదురుగా ఫిల్ము కెమెరా పెట్టి తీయవలసియుండెడిది. 1956లో కాలిఫోర్నియాలోని ఆంపెక్స్ సంస్థ, దృశ్యమును గూడ అయస్కాంతపు టేపుపై ముద్రించు యంత్రమును వెలువరించినది. దాని వెల సుమారు 50,000 డాలర్లు. టేపు వెడల్పు 2 అంగుళములు. అద్భుతమైన సాధనమే. అయినను బడిపిల్లవాని పలకవలె అది చెరిపి మరల వ్రాయుటకు వీలైనది. కొలంబియాలో మాటలకు పట్టిన గతియే ఇక్కడ దృశ్యములకును పట్టినది. 1970 దాటువఱకు ఎన్నో దేశముల టెలివిజన్ సంస్థలు, బి.బి.సి.తో సహా, పాత టేపులను చెరిపి క్రొత్త కార్యక్రమములకు వాడుకొన్నవి. చౌకగా చెరుపుటకు వీలున్న సాధనము చేతికి వచ్చినప్పుడు దేనిని చెరుపరాదో నిర్ణయించువాడు ప్రక్కన ఉండవలెను. నాడు అట్టివారు కొలదిమందియే.

ఈ పాఠము నేర్చిన పిమ్మట ఏర్పడిన కార్యక్రమములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారి బర్క్‌లీ కార్యక్రమము ఎన్నదగినది. అక్కడి గ్రంథాలయము 1954లోనే ప్రాంతీయ మౌఖిక చరిత్రకై ఒక శాఖను తెరచినది. 1982లో అచ్చటి అంతర్జాతీయ విషయాధ్యయన సంస్థకు చెందిన హారీ క్రైస్లర్, ‘చరిత్రతో సంభాషణలు’ అని అర్థమిచ్చు పేరుతో టెలివిజన్ ముఖాముఖి పరంపరను ప్రారంభించెను. ఇది దశాబ్దములపాటు సాగి వందలకొలది సంభాషణలైనది. 2000 సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయము సొంత టెలివిజన్ ప్రసారములు మొదలిడగా, ఆ సంభాషణలు ఇండ్లకు చేరినవి. అంతర్జాలము వలన లోకమంతటికి అందినవి.

క్రైస్లర్ పద్ధతి నిరాడంబరమైనది. అతిథి మంత్రియైనను, శాస్త్రజ్ఞుడైనను, కవియైనను మొదటి ప్రశ్నలు దాదాపు ఒక్కటే: మీరు ఎచ్చట పుట్టి పెరిగిరి? లోకమును చూచు మీ దృష్టిని మీ తలిదండ్రులు ఎట్లు తీర్చిరి? పెద్ద పదవులను గూర్చిన ప్రశ్నలు ఆ తరువాతనే. చివరకు, విద్యార్థులు మీ జీవితమునుండి ఏమి నేర్వవలెనని అడుగును. మొదటి ప్రశ్నకు గర్వముతో సమాధానము చెప్పుట కష్టము. ఎంతటివాడైనను తన తల్లిని తలచుకొన్నప్పుడు గొంతు తగ్గించి మాటలాడును. అటుపిమ్మట సంభాషణ నిజమైన దారిలో నడచును.

ఆ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులును ఆ కుర్చీలో కూర్చుండిరి. 1986లో వచ్చిన జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్, 1934లో అక్కడనే డాక్టరు పట్టము పొందినవాడు. 1961 మొదలు 1963 వఱకు మన దేశమున అమెరికా రాయబారిగా నుండినవాడు. 1996లో వచ్చిన రాబర్ట్ మక్‌నమారా 1937లో అక్కడ పట్టభద్రుడైనవాడు. వియత్నాము యుద్ధకాలమున అమెరికా రక్షణమంత్రి. అంతకు ముందటి యేడు, 1995లో, ఆయన తన గ్రంథమున ఆ యుద్ధవిషయమై తామందరు పొరపడితిమని ఒప్పుకొనియుండెను. ఆ యుద్ధమునకు వ్యతిరేకముగా విద్యార్థులు ఉద్యమించిన బర్క్‌లీయే ఆయన చదువుకొన్న చోటు. ఆ యొప్పుకోలుకు ముప్పదియేండ్లు పట్టినవి. ఈలోపల అసంఖ్యాకులు మరణించిరి.

ఇక్కడ ఒక సందేహము రాక మానదు. ఇట్టి ముఖాముఖి పెద్దవారికి తమ తప్పులను సమర్థించుకొను వేదిక కాదా? జ్ఞాపకము నమ్మదగినదా? ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. మనిషి జ్ఞాపకము తనకు అనుకూలముగా వంగును. కావున ముఖాముఖి ఎన్నడును దస్త్రమునకు బదులు కాజాలదు. ప్రశ్నించువాడు దస్త్రములు చదివి వచ్చినవాడై యుండవలెను. సమాధానమును దస్త్రముతో పోల్చి చూడవలెను. అయితే పొరబడిన జ్ఞాపకము గూడ ఒక సాక్ష్యమే. తాను చేసినదానిని మనిషి తనకెట్లు చెప్పుకొనెనో అది చూపును. ఆ సాక్ష్యము దస్త్రమున దొరకదు.

మరియొక యాక్షేపణ ఇంతకన్న బలమైనది. ఎవరిని అడుగుచున్నారు? నెవిన్స్ తొలినాళ్ళలో వెదకినది పదవులలో నున్నవారిని, ధనవంతులను, నాయకులను. కుర్చీ యొకటి వేసినప్పుడు అందు ఎవరిని కూర్చుండబెట్టుదుమో వారిదే చరిత్ర యగును. ఈ లోపము 1960 తరువాత క్రమముగా దిద్దబడినది. బర్క్‌లీ మౌఖిక చరిత్ర శాఖ స్త్రీల ఓటుహక్కుకై పోరాడిన వృద్ధనాయికలను వెదకి, 1970 తరువాతి సంవత్సరములలో వారి కథనములను ముద్రించినది. ఆ శాఖ సేకరించిన వారిలోనే ఎడ్ రాబర్ట్స్ ఒకడు. ఈయనకు 14వ యేట పోలియో సోకి మెడకు క్రింది భాగము దాదాపు చచ్చుపడినది. 1962లో బర్క్‌లీలో చదువ వచ్చినప్పుడు, ఈయన శ్వాసయంత్రమునకు తగిన వసతిగృహము లేక విద్యార్థుల ఆసుపత్రిలో నివసించెను. ఈయన ఏ యుద్యోగమునకును పనికిరాడని రాష్ట్రపు పునరావాసశాఖ మొదట తీర్మానించినది. 1975లో గవర్నరు ఆ శాఖకే ఈయనను అధిపతిగా నియమించెను. అంగవైకల్యము గలవారు స్వతంత్రముగా జీవించు ఉద్యమమునకు ఈయన మూలపురుషులలో నొకడు. 1995లో మరణించుటకు కొలది కాలము పూర్వమే ఈయన కథనము సేకరింపబడినది. ఆలస్యమై యుండినచో ఒక మంత్రి జ్ఞాపకములకన్న విలువైన సంపద పోయియుండెడిది.

మన దేశమున విద్యాటెలివిజన్ పల్లెలకును చేరినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికా ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములు తెలుగు కార్యక్రమములను చూచినవి. 1984 ఆగస్టు 15వ తేదీన విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము దేశవ్యాప్తమైన తరగతిగది ప్రసారములను ఆరంభించినది. వానికి కార్యక్రమములు తయారుచేయు కేంద్రములు విశ్వవిద్యాలయములలో వెలసినవి. హైదరాబాదునకును వానిలో చోటు దక్కినది. నాటికి విజ్ఞానము, వ్యవసాయము, సాహిత్యము తెరకెక్కినవి. పూర్వవిద్యార్థులను, ఊరి పెద్దలను తీరికగా ప్రశ్నించి దాచు పని మాత్రము ఎక్కడనైనను పాఠము చెప్పు పని తరువాతిదే యైనది.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు గణాంకశాస్త్రమున లోకప్రసిద్ధులైరి. 1987లో ఒక అమెరికా శాస్త్రపత్రిక ఆయనతో జరిపిన దీర్ఘసంభాషణను ప్రకటించినది. ఆ సంభాషణ వలన ఆయన బాల్యమును, విద్యాభ్యాసమును, తొలి పరిశోధనలను లోకము తెలిసికొన్నది. ఆయన 2023లో 102 ఏండ్ల వయస్సున మరణించిరి. ఆయన దీర్ఘాయువు వలన అడుగువారికి వ్యవధి దొరకినది. అందరును నూరేండ్లు జీవింపరు. సుబ్బారావుగారికి 53 ఏండ్లే దొరకినవి.

నేడు సాధనము కొరత లేదు. ఒకనాడు 50,000 డాలర్ల యంత్రము చేయలేని పనిని నేడు విద్యార్థి జేబులోని ఫోను చేయుచున్నది. అయినను కొరతపడునవి కొన్ని కలవు. మొదటిది, చదివి వచ్చిన ప్రశ్న. రెండవది, సమాధానము ముగియువఱకు వేచియుండు ఓపిక. మూడవది, తీసినదానిని ఎచ్చట, ఏ తేదీన, ఎవరు తీసిరో వ్రాసి, రెండు మూడు చోట్ల దాచు శ్రద్ధ. ఈ మూడును యంత్రము ఇచ్చునవి కావు. ప్రతి కళాశాలయు ఏటేట పదిమంది పూర్వవిద్యార్థులను, ఊరిలోని పదిమంది అనుభవజ్ఞులను పిలిచి ప్రశ్నించినను చాలును. వారిలో విశ్రాంత న్యాయాధిపతితో పాటు, బావి త్రవ్వించిన గ్రామపెద్దయు, నలుబది యేండ్లు పురుళ్ళు పోసిన మంత్రసానియు, మగ్గము నడపిన నేతగాడును ఉండవలెను. వారి మాటను వారి యాసలోనే దాచవలెను, దిద్దరాదు.

మొదటి ప్రశ్న యేదో మనకు తెలిసియే యున్నది. మీరు ఎచ్చట పుట్టిరి, మీ తలిదండ్రులు మీకేమి నేర్పిరి? రచ్చబండమీది వృద్ధుని ఈ ప్రశ్న అడుగుటకు విశ్వవిద్యాలయపు అనుమతి అక్కరలేదు. ఆయన యింకను అక్కడ కూర్చుండి యుండగానే అడుగవలెను.